దగ్గు, తుమ్ము, గుసగుసలతో ఇంగ్లీషు స్పెల్లింగూ ఉచ్చారణా పట్టుకోవడం ఎలా

ఇంగ్లీషు మాట చూస్తే ఎలా పలకాలో తెలియదు, వింటే ఎలా రాయాలో తెలియదు అని తల పట్టుకునేవాళ్ళకి ఒక దారి చెప్తాను. పెద్ద పెద్ద మాటల జాబితాలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మన నోరు, ముక్కు, గొంతు చేసే శబ్దాలకి ఇంగ్లీషులో ఉన్న పేర్లు ముందు నేర్చుకోండి. దగ్గు, తుమ్ము, నవ్వు, నిట్టూర్పు, ఎక్కిళ్ళు, గురక, గుసగుస, గొణుగుడు, మూలుగు, ఈల, కేక, ఇలాంటివి. అన్నీ చిన్న మాటలే, రోజూ పనికొచ్చేవే, కానీ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఉన్న చిక్కుముడులు దాదాపు అన్నీ వీటిలోనే దొరుకుతాయి. అర్థం బట్టీ పట్టే పని కూడా లేదు, ఆ శబ్దం ఒకసారి చేసి చూసుకుంటే సరిపోతుంది.

ఒక్క అలవాటు మాత్రం మొదటి రోజే మార్చుకోవాలి. తెలుగులో రాసింది రాసినట్టే చదువుతాం కాబట్టి, ఇంగ్లీషు మాట కనబడగానే అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తాం, ఆ తప్పు ఉచ్చారణ ఒకసారి నాలుక మీద కూర్చుందంటే ఇక కదలదు. ఇంగ్లీషుకి ఉన్నవి 26 అక్షరాలు, పలికే ధ్వనులు యాసని బట్టి 44 దాకా ఉంటాయి. అచ్చుల సంగతి మరీ కష్టం, ఐదు అక్షరాలే దాదాపు ఇరవై ధ్వనుల భారం మోయాలి. అందుకని ముందు వినాలి, తర్వాత పలకాలి, స్పెల్లింగ్ చూడటం ఆఖర్న. ఆన్‌లైన్ డిక్షనరీల్లో మాట పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది కదా, అది నొక్కి, స్పెల్లింగ్ వైపు చూడకుండా రెండు మూడు సార్లు వినండి, విన్నట్టే పైకి అనండి. మనసులో అనుకుంటే లాభం లేదు, పైకి అనాల్సిందే.

ఇక దగ్గుతో మొదలుపెడదాం. కాఫ్. సీ ఓ యూ జీ హెచ్. చివర ఫ్ అని పలుకుతూ జీహెచ్ రాయడం ఏంటని ఎవరికైనా చిరాకేస్తుంది. అసలు సంగతి ఏంటంటే, ఒకప్పుడు ఆ జీహెచ్ నిజంగానే ఒక ధ్వని, గొంతు వెనక గీరినట్టు వచ్చే ఖ్ లాంటిది, జర్మన్లు ఇప్పటికీ పలుకుతారు, స్కాట్లండ్‌లో సరస్సుని లాఖ్ అనేటప్పుడూ వినిపిస్తుంది. అంటే పాతకాలంలో ఆ మాట అంటే దగ్గినట్టే ఉండేది. మనం ఖళ్ళు ఖళ్ళుమని దగ్గాడు అంటాం చూడండి, దాదాపు అలాంటి ఖ. తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళలో ఇంగ్లండ్ దక్షిణాది నోళ్ళలోంచి ఆ ధ్వని పోయింది, కొన్ని మాటల్లో ఫ్‌గా మారింది, మిగతా వాటిలో పూర్తిగా మాయమైంది. ఈలోగా విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు, పుస్తకాలతో పాటు స్పెల్లింగులు కుదురుకోవడం మొదలైంది, 1755లో శామ్యూల్ జాన్సన్ డిక్షనరీ వచ్చేసరికి అవి గడ్డకట్టేశాయి. నోరు ముందుకెళ్ళిపోయింది, రాత అక్కడే నిలబడిపోయింది. మార్చాలని చూసినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1789లోనే లాఫ్‌ని ఎల్ ఏ ఎఫ్ అని, టఫ్‌ని టీ యూ ఎఫ్ అని రాద్దామన్నాడు, జనం వినలేదు.

కాబట్టి జీహెచ్ ఉన్న మాటలు ఇలా పట్టుకోండి. ఫ్ అని పలికేవి చాలా తక్కువ: కాఫ్, లాఫ్, రఫ్, టఫ్, ఇనఫ్, ట్రాఫ్, డ్రాఫ్ట్. ఇవి నోటికి వచ్చేస్తే, మాట మధ్యలోనో చివరో కనబడే జీహెచ్‌ని ఇక దాదాపు ఎక్కడా పలకనక్కర్లేదు. నిట్టూర్పు అంటే సై, ఎస్ ఐ జీ హెచ్, ఏ ఫ్ కూడా లేదు. దానికి చివర ఎస్ చేరిస్తే కొలత అనే అర్థం వచ్చే సైజ్‌తో అచ్చంగా ఒకేలా వినిపిస్తుంది. నవ్వు అంటే లాఫ్టర్, ముందు ఎల్ తీసేసి డీ పెడితే కూతురు, అది డాటర్, అక్కడ జీహెచ్ నోరెత్తదు. మాట మొదట్లో జీహెచ్ వస్తే మాత్రం ఎప్పుడూ గ్, గోస్ట్ లాగా. చేప అనే మాటని జీ హెచ్ ఓ టీ ఐ అని కూడా రాయొచ్చు అంటూ ఒక పాత చమత్కారం తిరుగుతూ ఉంటుంది, రఫ్‌లో ఫ్, విమెన్ అనే మాటలో ఓకి వచ్చే ఇ, నేషన్‌లో ష్ తీసి కలిపినట్టు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది సరి కాదు, ఎందుకంటే ఇంగ్లీషులో అక్షరం ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి దాని పలుకు ఉంటుంది, మాట మొదట్లో జీహెచ్ ఎప్పటికీ ఫ్ కాదు, చివర ఒంటరిగా ఉన్న టీఐ ఎప్పటికీ ష్ కాదు. స్పెల్లింగ్ చూసేటప్పుడు ముందు గమనించాల్సింది అదే, ఏ అక్షరం అని కాదు, ఎక్కడ ఉంది అని.

ఎక్కిళ్ళ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. హికప్. హెచ్ ఐ సీ సీ యూ పీ అని రాస్తే చాలు. కొన్ని పుస్తకాల్లో చివర కాఫ్ స్పెల్లింగ్ తగిలించి కనిపిస్తుంది, ఎక్కిళ్ళకీ దగ్గుకీ ఏదో చుట్టరికం ఉందని తర్వాతి కాలం వాళ్ళు అనుకుని అతికించింది అది. అలా రాసినా పలకడం హికప్ అనే, హికాఫ్ కాదు.

పలకని అక్షరాలు గుర్తుండాలంటే నాకు తెలిసి అన్నిటికన్నా గట్టి ఉపాయం, ఆ మాట చుట్టాలని పిలవడం. గొంతులో కఫాన్ని ఫ్లెమ్ అంటారు, అందులో జీ ఉంటుంది, వినిపించదు. కానీ అదే కుటుంబంలోని ఫ్లెగ్‌మాటిక్ అనే మాటలో గ్ చక్కగా వినిపిస్తుంది. కీర్తనని హిమ్ అంటారు, చివర ఎన్ మూగది, కీర్తనల పుస్తకం హిమ్నల్ అనగానే ఆ ఎన్ బయటికొస్తుంది. సైన్‌లో దాక్కున్న జీ సిగ్నేచర్‌లో, సాలెమ్ చివరి ఎన్ సలెమ్నిటీలో దొరుకుతాయి. అప్పు అనే డెట్‌లో బీ ఎందుకో అర్థం కాక చాలామంది వదిలేస్తారు, డెబిట్ గుర్తుపెట్టుకుంటే మళ్ళీ మర్చిపోరు. నిజానికి ఆ బీ ఇంగ్లీషు వాళ్ళు ఎప్పుడూ పలికింది కాదు, ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు లేదు కూడా, లాటిన్ మాట గుర్తుకొచ్చేలా పండితులు తర్వాత చేర్చారు. అనుమానం అనే డౌట్‌లో బీ కూడా అలా వచ్చిందే. నన్నడిగితే స్పెల్లింగ్ తప్పులు పోవాలంటే ఒక్కో మాటని పదిసార్లు రాయడం కన్నా దాని చుట్టాన్ని ఒక్కదాన్ని తెలుసుకోవడం మేలు.

ఈల గురించి చెప్పాలి, ఎందుకంటే మనందరం దాన్ని విజిల్ అంటాం. తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ అలాగే అనొచ్చు, మన భాషలో అది స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం జ కాదు, స, విసిల్. మధ్యలో టీ ఉంటుంది, పలకరు. ఎస్ తర్వాత టీ వచ్చి, దాని వెనక ఎల్ఈ గానీ ఈఎన్ గానీ ఉంటే ఆ టీ దాదాపు ఎప్పుడూ మూగదే: లిసెన్, కాసిల్, రెసిల్, మాయిసెన్, హేసెన్.

ఈ విసిల్ ముందు డబ్ల్యూహెచ్ ఉంది కదా, ఊపిరితో చేసే శబ్దాలన్నీ అక్కడ గుంపుగా చేరాయి. గుసగుసకి విస్పర్, ఆయాసపు కూతకి వీజ్, సన్నగా ఏడుస్తూ నసపెట్టడానికి వైన్, బిక్కుబిక్కుమని చేసే మూలుగుకి వింపర్. పాత ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి హెచ్ ముందుండేది, డబ్ల్యూ వెనకుండేది, పలకడం కూడా హ్వ అని పలికేవారు, స్కాట్లండ్‌లో కొందరు ఇప్పటికీ అలానే అంటారు. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ల కాలం తర్వాత రాయసగాళ్ళు ఆ రెండిటినీ తారుమారు చేశారు. కేక పెట్టడం అనే హూప్‌లో డబ్ల్యూ మాత్రం అసలు లేనిది, తర్వాత వచ్చి చేరింది, అందుకే కోరింత దగ్గుని హూపింగ్ కాఫ్ అనేటప్పుడు బ్రిటన్‌లో ఆ డబ్ల్యూ వినపడదు.

అలాగే ఎస్ఎన్‌తో మొదలయ్యే శబ్దాల పేర్లు చూడండి, చాలావరకు ముక్కు చుట్టూ తిరుగుతాయి. స్నోర్ గురక, స్నార్ట్ ముక్కుతో బుస్సుమనడం, స్నిఫ్ వాసన పీల్చడం, స్నఫుల్ జలుబు ముక్కు చప్పుడు, స్నీజ్ తుమ్ము. తుమ్ము అనే మాట వెయ్యేళ్ళ కింద ఎఫ్ఎన్‌తో మొదలయ్యేది, ఆ జంట భాషలో అరుదైపోయింది, పైగా పాత రాతలో పొడుగాటి ఎస్ చూడటానికి ఎఫ్ లాగే ఉండేది, చివరికి ఎస్ స్థిరపడింది. ఇలాంటి గుంపుల వల్ల లాభం ఏంటంటే, తెలియని మాట ఎదురైనా మొదటి రెండక్షరాలే సగం అర్థం చెప్పేస్తాయి. జీఆర్‌తో మొదలైతే గొంతు లోతునుంచి వచ్చే అసంతృప్తి అనుకోండి, గ్రోన్, గ్రంట్, గ్రౌల్, గ్రంబుల్. మధ్యలో ఈ అనే దీర్ఘం వినిపిస్తే కీచుగా పైకి పోయే శబ్దం, స్క్రీమ్, ష్రీక్, స్క్వీల్, స్క్రీచ్.

ఆ ఈ అనే దీర్ఘాన్ని రాయడం దగ్గరే అందరికీ టెన్షన్. స్క్రీమ్, స్క్వీల్, స్క్వీక్‌లకి ఈఏ, స్క్రీచ్, పీప్‌లకి డబుల్ ఈ, ష్రీక్‌కి ఐఈ. దీనికి సూత్రం లేదు, మూడు గుంపులుగా రాసుకుని చూస్తూ ఉండాలి. ఒక చోట మాత్రం నమ్మదగ్గ సూత్రం ఉంది: చివర జెడ్ అక్షరం ఉంటే ముందు డబుల్ ఈ రాయండి, స్నీజ్, వీజ్, ఫ్రీజ్, బ్రీజ్, స్క్వీజ్ అన్నీ అంతే, పట్టుకోవడం అనే సీజ్ లాంటివి కొన్ని మాత్రం దారి తప్పాయి. చివర జ్ అని వినపడుతున్నా ఎస్ రాసే మాటలు వేరు, ప్లీజ్, టీజ్ లాంటివి, అక్కడ ఎక్కువగా ఈఏ వస్తుంది. ఇంకో మంచి సూత్రం ఎల్ఈతో ముగిసే మాటలది. ముందున్న అచ్చు పొట్టిదైతే మధ్యలో రెండు హల్లులు కావాలి. గిగుల్‌లో రెండు జీలు, బ్యాబుల్‌లో రెండు బీలు, మంబుల్‌లో ఎమ్ బీ, చకుల్‌లో సీ కే. అచ్చు పొడుగైతే ఒకటే హల్లు, బైబిల్‌లో ఒక బీ, టైటిల్‌లో ఒక టీ.

గతం చెప్పడానికి చివర చేర్చే ఈడీ దగ్గర చాలామంది ఎడ్ ఎడ్ అని పలికేస్తుంటారు, లాఫెడ్, కాఫెడ్ అని. దీనికి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుంటే చాలు, ఇంకేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మాట చివరి ధ్వనిని సాగదీసి పలకండి. గొంతు కదలకపోతే ట్: లాఫ్ట్, కాఫ్ట్, హిస్ట్, గాస్ప్ట్. గొంతు గుర్రుమని కదిలితే డ్: మోన్డ్, హమ్డ్, సాబ్డ్, స్నీజ్డ్, సైడ్. అసలు మాటే ట్ తోనో డ్ తోనో ముగిస్తే అప్పుడు మాత్రం ఇడ్: షౌటిడ్, గ్రంటిడ్. బహువచనం ఎస్ కూడా ఇదే లెక్క, కాఫ్స్‌లో స్, గ్రోన్స్‌లో జ్. రాసేటప్పుడు, ఒక్క పొట్టి అచ్చు, ఒక్క హల్లుతో ముగిసే చిన్న మాటలకి ఆ హల్లు రెట్టించాలి, కాబట్టి సాబ్డ్‌లో రెండు బీలు, హమ్డ్‌లో రెండు ఎమ్‌లు. విస్పర్‌లాగా ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, మొదట్లో ఉన్న మాటకి రెట్టింపు అక్కర్లేదు.

వేళ్ళు గొంతు మీదే ఉంచండి, ఇంకో పని ఉంది. స్నీజ్ చివర జెడ్‌ని మనం జామపండులో జ లాగా పలికేస్తాం. ఆ జ పలికేటప్పుడు నాలుక ఒకసారి పైకి తగిలి గాలి ఆగుతుంది, ఇంగ్లీషు జెడ్‌లో ఎక్కడా ఆగదు. స్స్స్ అని సాగదీస్తూ ఉండండి, గొంతు నిశ్శబ్దంగా ఉంటుంది, నోరు కదపకుండా మధ్యలో గొంతు కలపండి, తుమ్మెద ఝుంకారంలా వస్తుంది, అదే జెడ్. ఊపిరికి బ్రెత్, ఊపిరి పీల్చడానికి బ్రీద్, రాతలో చివర ఇంగ్లీషు ఈ (e) ఒక్కటే తేడా, కానీ అచ్చు మారింది, మొదటిదానిలో గొంతు కలవదు, రెండోదానిలో కలుస్తుంది. ఆ టీహెచ్ మన థ, ద కాదు. నాలుక కొస పళ్ళ మధ్య కొంచెం బయటికి పెట్టి గాలి వదులుతూ ఉండాలి, ఎంతసేపైనా సాగదీయగలిగితే సరిగ్గా వచ్చినట్టు. మన వ కూడా ఇంగ్లీషులో రెండు ముక్కలు: స్వరం అనే వాయిస్‌కి పై పళ్ళు కింది పెదవిని తాకాలి, ఏడుపు అనే వెయిల్‌కి పళ్ళు తగలకూడదు, పెదవులు సున్నా చుట్టాలి. పళ్ళు తగిలితే ఆ వెయిల్ కాస్తా మేలిముసుగు అయిపోతుంది. ఎకో, ఎక్స్‌క్లెయిమ్ లాంటి మాటల ముందు మనకి తెలియకుండా య వచ్చి కూర్చుంటుంది, యెకో అని, అది రాకుండా చూసుకోండి. చ్యాటర్‌లో ఉన్న అచ్చు గురించి భయపడక్కర్లేదు, మాట్లాడేటప్పుడు వచ్చాడు అంటారు కదా, ఆ చా దగ్గర వచ్చేది అదే.

ఇక ఊనిక. దీనికి ఒకే ఒక్క మాట చాలు, మర్మర్. ఆకుల గలగలకి సంస్కృతంలో మర్మరం అన్నట్టే ఉంటుంది ఇదీ. ఎమ్ యూ ఆర్, మళ్ళీ ఎమ్ యూ ఆర్, ఒకే మూడక్షరాలు రెండుసార్లు. కానీ విని చూడండి, మొదటి మర్ నిండుగా, పొడుగ్గా ఉంటుంది, రెండోది తేలిపోతుంది, నోరు పెద్దగా తెరవకుండా బద్ధకంగా వదిలేసిన అ లాంటిది మిగులుతుంది. డిక్షనరీల్లో ఈ బలహీనమైన అచ్చుకి తలకిందులైన చిన్న ఇంగ్లీషు ఈ (e) లాంటి గుర్తు వేస్తారు, ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు అదే, దానికంటూ ఒక అక్షరం లేదు, ఐదు అచ్చక్షరాలూ దాన్ని రాయడానికి వాడతారు. ఊనిక ఉన్న చోటికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. స్పీకర్ నొక్కే ముందు ఆ గీత ఎక్కడుందో చూసుకోండి. వోకల్‌లో ఊనిక మొదట్లో, అదే కుటుంబంలోని వకాబ్యులరీలో రెండో ముక్క మీద, అందుకే మొదటి ఓ చప్పబడి వ అయింది. ప్రొనౌన్స్ అంటాం కానీ నామవాచకం ప్రనన్సియేషన్, నౌన్ కాదు నన్, స్పెల్లింగ్‌లో కూడా అక్కడ ఓ ఎగిరిపోతుంది.

రాసేవాళ్ళు పదేపదే పొరబడే రెండు మాటలు: స్వరతంతువులు వోకల్ కార్డ్స్, ఇందులో హెచ్ లేదు, సీ ఓ ఆర్ డీ, అది తాడు. హెచ్ ఉన్నది సంగీతంలోది. బొంగురు గొంతు హోర్స్, మధ్యలో ఏ ఉంటుంది, తీసేస్తే గుర్రం, పలకడం మాత్రం చాలామంది రెండూ ఒకేలా పలుకుతారు.

సరైన మాట ఎంచుకోవడం కూడా నేర్చుకోండి, ఎప్పుడూ సెడ్, లాఫ్డ్... కాదు, లాఫ్ట్ అని రాస్తే సరిపోదు. విస్పర్‌లో గొంతు కదలదు, ఉత్త గాలే. మంబుల్ అంటే పెదవులు సరిగ్గా తెరవక మాట ముద్దగా రావడం. మట్టర్‌లో కోపమో విసుగో ఉంటుంది, మన సణుగుడు. మర్మర్ మెత్తటిది, ప్రేమగా అన్నా అదే. కిసుక్కున నవ్వితే గిగుల్, తనలో తాను నవ్వుకుంటే చకుల్, పగలబడి నవ్వితే గఫా, వెటకారంగా నవ్వితే బ్రిటన్‌లో స్నిగర్, అమెరికాలో స్నికర్.

ఆఖరుగా, అక్షరాల్లో ఇమడని శబ్దాలు. కథల్లో టీ ఎస్ కే అని కనబడితే టిస్క్ అని చదవకండి. నాలుక కొస పై పళ్ళ వెనక అంటించి లోపలికి లాగితే వచ్చే చప్పుడు అది, మనం ప్చ్ అని రాసేది దాదాపు అదే, మనం కూడా ప, చ పలకం కదా. మనది ఎక్కువగా నిరాశకి, వాళ్ళది మందలింపుకి కూడా. దీన్నే టట్ టట్ అని కూడా రాస్తారు. పీ హెచ్ ఈ డబ్ల్యూ అంటే ఫ్యూ, ఊపిరి వదిలేసి హమ్మయ్య అనుకోవడం. అహెమ్ గొంతు సవరించుకోవడం. వీటన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అవును, కాదు అనే చోట. మనకి ఊఁ అంటే సరే, ఊఁహూఁ అంటే వద్దు. ఇంగ్లీషులో మధ్యలో హ వినబడి, రెండో ముక్క పైకి లేస్తే అవును. మధ్యలో హ లేకుండా గొంతు టక్కున మూసుకుని, రెండో ముక్క కిందికి దిగితే కాదు. అంటే మన వద్దు వాళ్ళ చెవికి సరే అన్నట్టు వినిపించొచ్చు. ఫోన్‌లో, ముఖం కనబడని చోట, ఊఁహూఁ అనకుండా నో అని పూర్తిగా అనేయండి.